రెండు ఒట్లు, ఒక కారు

ఇంటి నుంచి,
మార్చి 3, గురువారం

వదినా,

ఈ ఉత్తరం ఎవరూ లేనప్పుడు చదవండి. అన్నయ్యగారు పక్కనే ఉంటే మడిచి పర్సులో పడేసి, రేపు డిపోలో తీరిగ్గా చదువుకోండి. ఫోన్ చేద్దామంటే మీ ఇంట్లో ఫోను హాల్లో టీవీ పక్కనే ఉందాయె. అన్నయ్యగారు టీవీ చూస్తున్నట్టే కనిపిస్తారు గానీ చెవులు మాత్రం ఫోను దగ్గరే ఉంటాయి.

నాకు డ్రైవింగ్ లైసెన్సు వచ్చింది.

అవును, నాకే. పద్దెనిమిదేళ్ళుగా ఊరందరికీ కారు నేర్పుతున్న మీ తమ్ముడి పెళ్ళానికే. మొన్న పోస్టులో వచ్చింది. చక్కెర డబ్బాలో, చక్కెర కింద దాచాను. ఆయన టీలో చక్కెర వేసుకోరు కాబట్టి ఆ డబ్బా జోలికి రారు.

ఎక్కడ నేర్చుకున్నానో చెబితే మీరు కూర్చున్న చోటు నుంచి లేచి నిలబడతారు. మన డ్రైవింగ్ స్కూలుకి ఎదురుగా, రోడ్డవతల ఉన్న మేడం స్కూల్లో. మూడేళ్ళ కిందట అక్కడ బోర్డు లేచిన రోజు మీ తమ్ముడు భోజనం మానేసి పడుకున్నారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఆవిడ ఒకప్పుడు ఈయన దగ్గర నేర్చుకున్న మనిషే, అదీ ఆయన మంట. నాలుగు నెలల పాటు రోజూ పొద్దున ఆరింటికి "నడకకి వెళ్ళొస్తా" అని చెప్పి, సందు చివర ఆవిడ కారెక్కాను. నాలుగు నెలల నడకకి రెండు కిలోలు పెరిగాను. ఆయన గమనించనేలేదు.

మా తమ్ముణ్ణే అడగొచ్చుగా అంటారేమో. అడిగాను వదినా. పెళ్ళయిన రెండో ఏడు, అంటే పదకొండేళ్ళ కిందట. ఒక్కరోజు మైదానానికి తీసుకెళ్ళారు. క్లచ్ ఠక్కున వదిలేసి, మలుపు గుర్తుకి పెట్టిన డ్రమ్ముకి గుద్దాను. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు ఎనిమిది మంది వరసగా నిలబడి చూస్తున్నారు. వాళ్ళందరి ముందూ, "దిగు. నీకు ఈ జన్మలో రాదు" అన్నారు. దిగి ఇంటికి నడిచి వచ్చాను. అప్పటి నుంచి స్కూలు ఆఫీసులో కూర్చుని ఫారాలు నింపుతున్నాను. భయపడుతూ వచ్చినవాళ్ళకల్లా "మీకు తప్పకుండా వస్తుందండీ" అని ధైర్యం చెప్పి చేర్చుకోవడం నా పని. ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా ఊరి లైబ్రరీవాళ్ళు పుస్తకాల బండి పెడుతున్నారు. వ్యాన్ నిండా పుస్తకాలు సర్దుకుని చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళు తిరగాలి. ఆ వ్యాన్ నడపడానికి వస్తావా అని లైబ్రేరియన్ నన్ను అడిగాడు. ఇరవయ్యో తారీఖులోగా జవాబు చెప్పాలి. నాకా బండి కావాలి వదినా. చీరలూ నగలూ అడిగే వయసులో కూడా దేన్నీ ఇంతగా కోరుకోలేదు. కానీ మీ తమ్ముడికి ఏ నోటితో చెప్పను? మీ దగ్గర కాకుండా మీ పగవాళ్ళ దగ్గర నేర్చుకున్నానని చెప్పాలి కదా.

ఇదిలా ఉండగా, నిన్న భోజనం చేస్తూ చేస్తూ ఆయన, "నాలుగు రోజులు సిటీకి వెళ్ళొద్దామా? మన కార్లో, ఇద్దరమే" అన్నారు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో మైదానం దాటి నన్ను ఎక్కడికీ తీసుకెళ్ళిన మనిషి కాదు. పన్నెండున బయలుదేరతాం. దారిలో ఎక్కడో ఒకచోట మంచి సమయం చూసి చెప్పేస్తాను. అప్పటిదాకా నోరు విప్పనని నా మీద ఒట్టు వెయ్యండి.

మీ మరదలు

—

డిపో రెస్ట్ రూమ్,
మార్చి 5, శనివారం

ఓసి నీ ఇల్లు బంగారం కానూ!

రెండో ట్రిప్పుకీ మూడో ట్రిప్పుకీ మధ్య చదివాను. సంతోషం పట్టలేక రెస్ట్ రూమ్‌లోనే విజిల్ ఊదాను. పడుకున్న డ్రైవర్లు ముగ్గురు ఉలిక్కిపడి లేచి నన్ను తిట్టారు. తిడితే తిట్టనీ. ఇరవై రెండేళ్ళుగా డ్రైవర్ల వెనక నిలబడి టికెట్లు కొడుతున్న దాన్ని, ఎవడు నడపగలడో ఎవడు నడపలేడో మెడ చూసి చెప్పేస్తాను. నీ మెడ మంచి మెడ. పెళ్ళిచూపుల నాడే అనుకున్నాను.

ఒట్టు వేశాను. కానీ పిల్లా, నా కష్టం కూడా కాస్త విను. నీ ఉత్తరం వచ్చిన పూటే ఇంకో ఉత్తరం కూడా వచ్చింది. రాసింది మీ మాస్టారే, నా తమ్ముడు. వాడూ ఒక సంగతి చెప్పి, నీకు చెప్పొద్దని తన మీద ఒట్టు వేయించుకున్నాడు. మొగుడి గుట్టు ఒక జేబులో, పెళ్ళాం గుట్టు ఇంకో జేబులో పెట్టుకుని టికెట్లు కొడుతున్నాను. ఒకరికి ఇవ్వాల్సిన చిల్లర ఇంకొకరికి ఇచ్చేస్తున్నాను.

ఒట్టు కాబట్టి ఏమీ చెప్పను. నాలుగు ముక్కలు మాత్రం రాస్తాను, ఎందుకని అడక్కు. దారిలో అరగంటకోసారి కారు ఆపించు. వాణ్ణి ఎక్కువసేపు నడపనివ్వకు. నువ్వు చెప్పదలచుకున్నది ఎంత తొందరగా చెబితే అంత మంచిది. అసలు బయలుదేరక ముందే చెప్పెయ్.

ఇకనుంచి ఉత్తరాలు పోస్టులో వెయ్యకు. మా డిపో బస్సులు మీ ఊరి మీదుగానే సిటీకి పోతాయి. మా డ్రైవర్ల చేతికిస్తే, ఏ ఊరి బస్టాండులో చెబితే ఆ ఊరి విచారణ కిటికీలో ఇచ్చేస్తారు. మీ ప్రయాణమంతా బస్సుల దారే. గుబురు మీసాలాయన కనిపిస్తే కళ్ళు మూసుకుని ఇచ్చెయ్, అతనికి చదువు రాదు.

రెండు ఒట్ల మధ్య నలుగుతున్న
మీ వదిన

—

ఇంటి నుంచి,
మార్చి 8, మంగళవారం

వదినా,

అయిపోయింది. ఆయనకి తెలిసిపోయిందన్నమాట!

మీరు ఒట్టుకి కట్టుబడి చెప్పలేదు గానీ నాకు అర్థం కాదా? "బయలుదేరక ముందే చెప్పెయ్" అన్నారంటే, నేను చెప్పకముందే ఆయన నిలదీస్తారనేగా. "ఎక్కువసేపు నడపనివ్వకు" అన్నారంటే, కోపంలో నడిపితే ప్రమాదమనేగా. మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. చదివిన ప్రతిసారీ ఆయన కోపం ఇంకొంచెం పెరిగినట్టే ఉంది.

మనిషి కూడా మారిపోయారు. వారం నుంచి మైదానానికి వెళ్ళి కూడా కారు దిగడం లేదట, కూర్చునే పాఠాలు చెబుతున్నారట. ఇంటికొచ్చాక నావైపు చూసి ఏదో అనబోయి ఊరుకుంటున్నారు. నిన్న అయితే "ఏమే, నువ్వు..." అన్నారు. "ఏమిటండీ?" అన్నాను. "ఏం లేదు, ఉప్పు అందుకో" అన్నారు. ఉప్పు ఆయన చేతి పక్కనే ఉంది.

ఇంకో ఘోరం. బీరువా వెనక ఒక పెద్ద గోధుమరంగు కవరు దాచారు. నేను ఊడుస్తుంటే చీపురుకి తగిలింది. విప్పి చూడలేదు, చూడకూడదు కదా. కానీ అంత పెద్ద కవర్లో ఏముంటాయి? స్థలం కాగితాలో, అమ్మకం కాగితాలో ఉంటాయి. ఆయన స్కూలు అమ్మేస్తున్నారు వదినా! నా భార్యే నన్ను కాదని ఎదుటి స్కూలుకి వెళ్ళింది, ఇక నాకీ స్కూలెందుకని విరక్తి పుట్టి ఉంటుంది. సిటీకి వెళ్ళేది ఆ బేరానికే. విహారం అన్నది నాకు చెప్పిన సాకు.

ఒక్క మాట రాయండి. నేను బండి ఆశ వదులుకుంటే స్కూలు నిలబడుతుందా?

మీ మరదలు

—

డిపో రెస్ట్ రూమ్,
మార్చి 9, బుధవారం

పిచ్చిమొహమా,

వాడికి ఏమీ తెలియదు. స్కూలు అమ్మడం లేదు. కవర్లో స్థలం కాగితాలు లేవు. ఇంతకంటే ఒక్క ముక్క ఎక్కువ చెబితే ఒట్టు తీసి గట్టున పెట్టినట్టే అవుతుంది.

బండి ఆశ వదులుకుంటే మాత్రం నేనే బస్సెక్కి వచ్చి నీ జుట్టు పట్టుకుంటాను. ఇద్దరూ ఇద్దరే దొరికారు. నా రెండో ట్రిప్పుకి టైమైంది, మీసాలాయన కిందనుంచి అరుస్తున్నాడు.

మీ వదిన

—

దారిలో, బస్టాండు ఎదుటి లాడ్జి,
మార్చి 12, శనివారం, సాయంత్రం

వదినా,

ఇవాళ్టి సంగతులు చెబితే మీరు పొట్ట పట్టుకుని నవ్వుతారు. మొదటినుంచీ రాస్తాను.

పొద్దున ఏడింటికి సంచులు వెనక సీట్లో పెట్టాం. తలుపు తాళం వేశాం. ఇద్దరం కారెక్కి తలుపులు వేసుకున్నాం. సీటు బెల్టులు పెట్టుకున్నాం. రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాం. కారు కదలదు. ఆయన నావైపు చూశారు, నేను ఆయనవైపు చూశాను. అప్పుడు తెలిసింది. పద్దెనిమిదేళ్ళ అలవాటుకొద్దీ ఆయన పక్క సీట్లో, నేర్పేవాళ్ళ బ్రేకూ క్లచ్చూ ఉన్న సీట్లో కూర్చున్నారు. నాలుగు నెలల అలవాటుకొద్దీ నేను వెళ్ళి స్టీరింగు ముందు కూర్చున్నాను!

"సీటు మీద దుమ్ముంటే తుడుద్దామని..." అన్నాను, బెల్టు పెట్టుకుని. ఆయన "ఆఁ, నేను కూడా... అద్దం సరిగ్గా ఉందో లేదో చూద్దామని..." అన్నారు. దిగి, కారు చుట్టూ చెరోవైపు నుంచి తిరిగి, సీట్లు మార్చుకున్నాం. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

ఇక ప్రయాణం. ఆయన గంటకి ముప్ఫై దాటలేదు. నేననుకోవడం, మూడో గేరు పైన ఇంకోటి ఉందని మర్చిపోయారు. కారు నెత్తిన స్కూలు బోర్డు తియ్యడం కూడా మర్చిపోయాం. దాంతో వెనకొచ్చిన ప్రతివాడూ ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నారనుకుని దయగా పక్కకి తప్పుకుని పోయాడు. ఒక లారీ డ్రైవరైతే పక్కనే నడుపుతూ తల బయటపెట్టి, "మొదటిరోజా అన్నా? భయపడకు, చెయ్యి తిరిగితే అదే వస్తుంది!" అని మాస్టారికి ధైర్యం చెప్పాడు. ఆ తర్వాత ఐదు కిలోమీటర్ల దాకా మీ తమ్ముడి మొహం చూడాలి. నేను కిటికీ వైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకున్నాను.

మీరు చెప్పినట్టు అరగంటకోసారి ఆపించనక్కర్లేకపోయింది, ఆయనే ఆపారు. ఒకసారి గేదెలు బాగున్నాయని, ఒకసారి మబ్బు బాగుందని. ఈయనకి ఇంత అందాల పిచ్చి ఉందని నాకు ఇన్నేళ్ళూ తెలియదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ధైర్యం చేసి లైబ్రరీ సంగతి చెప్పేశాను వదినా. వాళ్ళు రమ్మంటున్నారని చెప్పాను. ఆయన కాదనలేదు! "మంచిదేగా, చేరు. నీకు ఇష్టమైన పనే" అన్నారు. ఎంత తేలిగ్గా అనేశారో. మిగతాది రేపు రాస్తాను, మీ మీసాలాయన హారన్ మీద హారన్ కొడుతున్నాడు, బస్సులో జనం నన్ను కోపంగా చూస్తున్నారు.

మీ మరదలు

—

డిపో,
మార్చి 13, ఆదివారం, మొదటి బస్సుకి ముందు

నా బంగారు మరదలా,

చెప్పేశావా! వాడు చేరమన్నాడా! ఈ ఉత్తరం దారిలో రెండో బస్టాండు కిటికీలో ఇవ్వమన్నాను, అందిందంటే అక్కడే ఒక గంతు వెయ్యి. నిన్న రాత్రి భోజనంలో నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. మీ అన్నయ్య ఏమిటీ సంగతి అని అడిగినా చెప్పలేదు.

నీ ఒట్టు తీరిపోయింది. నువ్వు చెప్పాక వాడు కూడా చెప్పకుండా ఉంటాడా, కాబట్టి వాడి ఒట్టూ తీరినట్టే. అమ్మయ్య, ఇప్పటికి నాకు ఊపిరాడింది. ఆ మోకాలు సంగతి ముందే నీతో అనలేక ఎంత కొట్టుకున్నానో. పద్దెనిమిదేళ్ళు ఎడమ కాలితో అందరి తరఫునా క్లచ్ తొక్కీ తొక్కీ గుజ్జు అరిగిపోయిందట. మీ ఊరి డాక్టరు ఎక్స్‌రే తీసి సిటీలో పెద్ద డాక్టరు దగ్గరికి పొమ్మన్నాడట. నువ్వు స్కూలు కాగితాలనుకున్న కవరు అదే. సోమవారం పది గంటలకి చూపించుకోవాలి. నొప్పికి ఓర్చుకుంటూ అంత దూరం తనే నడుపుతానని రాశాడు, అప్పటినుంచి నాకు ప్రాణం కుదుటగా లేదు. ఇప్పుడు నువ్వున్నావు. ఎంచక్కా నువ్వే నడుపుకుంటూ పో. సిటీ మొదట్లో వంతెన ఎక్కేచోట ట్రాఫిక్ ఆగుతుంది, ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా చూసుకో.

రైట్ రైట్!

మీ వదిన

—

సిటీ లాడ్జి, మూడో అంతస్తు,
మార్చి 13, ఆదివారం, సాయంత్రం

వదినా,

మీరు ఎంత పని చేశారు!

నేను చెప్పింది లైబ్రరీ రమ్మంటోందని మాత్రమే. ఆయన దాన్ని కుర్చీలో కూర్చుని పుస్తకాల మీద ముద్రలు కొట్టే పని అనుకున్నారు. నేను దిద్దలేదు. మిగతాది రేపు చెబుదామనుకున్నాను. నేను అంతా చెప్పేశాననుకుని మీరు ఆయన గుట్టు బయటపెట్టారు.

బస్టాండు కిటికీ దగ్గర నిలబడి చదివాను. మోకాలు అన్నచోట కళ్ళు ఆగిపోయాయి. గేదెలూ మబ్బులూ గుర్తొచ్చాయి. దిగినప్పుడల్లా కారు తలుపు పట్టుకుని నిలబడింది అందాలు చూడ్డానికి కాదు. నేను పక్కన కూర్చుని లారీవాడి మాటకి నవ్వుకుంటున్నాను, ఆయన పళ్ళ బిగువున క్లచ్ తొక్కుతున్నారు. నా మీద నాకే అసహ్యం వేసింది.

తిరిగి కారు దగ్గరికి వచ్చి, డ్రైవర్ వైపు తలుపు తెరిచాను.

"ఏవండీ, దిగండి."

"ఎందుకు?"

"నేను నడుపుతాను."

"నీకు..." అని ఆపేశారు. పూర్తి చెయ్యలేదు.

"వచ్చు. ఇదిగో లైసెన్సు." పర్సులోంచి తీసిచ్చాను. ఇంకా చక్కెర అంటుకునే ఉంది. ఆయన అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "మీ మోకాలి సంగతి నాకు తెలుసు, దిగండి" అన్నాను.

"ఎవరు చెప్పారు?"

"మీ అక్కయ్య."

"నీ లైసెన్సు సంగతి అక్కకి తెలుసా?"

"మొదటినుంచీ తెలుసు."

"అక్క నోట్లో నువ్వుగింజ నానదు!" అన్నారు. నాకు తెలిసి ఈ మొత్తం వ్యవహారంలో ఆయనకి కోపం వచ్చింది మీ మీద ఒక్కరి మీదే.

దిగారు. నేనెక్కాను. మొదటి కిలోమీటరులో కారు ఐదుసార్లు ఎగిరిపడింది. నా తప్పు కాదు, పక్కనుంచి ఆయన కాలు బ్రేకు మీదికి పోతోంది. పక్కకి తీసి ఆపాను. "కాళ్ళు పెడల్స్ మీంచి తియ్యండి, లేకపోతే ఇద్దరం ఇక్కడే ఉందాం" అన్నాను. వెనక సీట్లోంచి సంచి తీసి పెడల్స్ మీద పెట్టుకుని, దాని మీద కాళ్ళు పెట్టుకున్నారు.

కొంతదూరం పోయాక, "లోపలి అద్దం, పక్క అద్దం, భుజం మీంచి ఒక చూపు. ఇది నా పద్ధతి. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళు తప్ప ఎవరూ ఇలా చూడరు. ఎవరు నేర్పారు నీకు?" అన్నారు.

చెప్పాను. ఎదురు స్కూలు మేడం అని. నాలుగు నెలలని. పుస్తకాల బండి అని. అన్నీ ఒకే ఊపులో చెప్పేశాను, రోడ్డు మీంచి కళ్ళు తియ్యకుండా.

"నన్నే అడగొచ్చుగా?" అన్నారు, మెల్లగా.

"మిమ్మల్నే అడిగాను. పదకొండేళ్ళ కిందట."

అంతే వదినా. ఆ తర్వాత నలభై కిలోమీటర్లు ఒక్క మాట లేదు. మీరు చెప్పిన వంతెన మీద ట్రాఫిక్ ఆగింది. ముందు బస్సు, వెనక బస్సు, నిట్టనిలువు ఎత్తు. బెత్తెడు కూడా వెనక్కి జారకుండా కదిలించాను. బాగా చేశావని అనలేదు. ఐదు రోడ్లు కలిసే కూడలి దాటించాను. అప్పుడూ అనలేదు. లాడ్జికి వచ్చి గంటయింది, టీ తెస్తానని కిందికి వెళ్ళారు. కుంటుతూనే వెళ్ళారు, ఇక దాచడం లేదు.

ఆయనకి ఆ రోజు గుర్తు కూడా లేదు వదినా. నేను పదకొండేళ్ళు మోసిన మాట ఆయనకి గుర్తే లేదు. కోపగించుకున్నా బాగుండేది. రేపు డాక్టరు ఏమంటాడో తెలియదు. ఆయన స్కూలుకి వెళ్ళలేకపోతే నేను బండెక్కి ఊళ్ళు తిరగడం ఎలా కుదురుతుంది? లైబ్రరీకి రానని చెప్పేద్దామనుకుంటున్నాను.

మీ మరదలు

—

డిపో రెస్ట్ రూమ్,
మార్చి 14, సోమవారం

మరదలా,

తప్పు నాదే. సగం చదివి మొత్తం ఊహించుకోవడం నా జబ్బు. చెంపలేసుకున్నాను, రెండు వైపులా.

కానీ నీ జబ్బు కూడా అదే. వాడికి గుర్తు లేదని నీకెవరు చెప్పారు? ఒట్టు ఎలాగూ గంగలో కలిసింది, కాబట్టి వాడు నాకు రాసిన ఉత్తరంలో ముక్క ఉన్నదున్నట్టు దింపుతున్నాను. నేను కల్పించానని అనుమానమొస్తే వాడి ఉత్తరమే పంపిస్తాను.

"అక్కా, ఈ కాలు ఇక ఎన్నాళ్ళు వస్తుందో తెలియదు. ఇంట్లో ఇంకొకరికి బండి వచ్చి ఉంటే నాకీ భయం ఉండేది కాదు. నేర్చుకోమని దాన్ని అడగాలని వారం నుంచి చూస్తున్నాను. ఏ ముఖం పెట్టుకుని అడగను? ఒకప్పుడు నలుగురిలో నోరు పారేసుకుని దించేశాను. ఏడ్చి ఉంటే ఓదార్చేవాణ్ణి. ఏడవలేదు, మర్నాడొచ్చి ఆఫీసులో కూర్చుని ఫారాలు నింపింది. అప్పటినుంచి బండి ఊసెత్తలేదు. కొత్తవాళ్ళకి నేను ఒక్క కసురు కసరకుండా నేర్పుతున్నానంటే ఆ రోజు పుణ్యమే. దారిలో నాలుగు రోజులు ఇద్దరమే ఉంటాం కదా, అప్పుడైనా అడుగుదామని."

విన్నావా? నిన్ను ఉప్పు అందుకోమన్నది ఇది అడగలేకే. ఇద్దరూ ఒకే మాట నోట్లో పెట్టుకుని, ఒకే కార్లో కూర్చుని, గేదెల్ని చూసుకుంటూ పోయారు.

లైబ్రరీకి రానని చెప్పావో, నీకూ నాకూ మాటల్లేవు. డాక్టరు ఏమన్నాడో వెంటనే రాయి.

మీ వదిన

—

ఇంటి నుంచి,
మార్చి 16, బుధవారం

వదినా,

మీ ఉత్తరం సోమవారం సాయంత్రం అందింది. లాడ్జి మెట్ల మీద కూర్చుని చదివాను. మీ మీద కోపం పోయింది. గదిలోకి వెళ్ళేముందు మొహం కడుక్కోవాల్సి వచ్చింది.

డాక్టరు సంగతి ముందు. కోత అక్కర్లేదన్నాడు. మూడు నెలలు క్లచ్ తొక్కకూడదు, రోజూ వ్యాయామం చెయ్యాలి, ఆ తర్వాత చూద్దామన్నాడు. ఎక్స్‌రే చూస్తూ, "మీరు రన్నింగ్ చేస్తారా?" అని అడిగాడు. "ఊరందరి తరఫునా చేస్తారు" అన్నాను. మీ తమ్ముడు నవ్వారు. రెండు రోజుల్లో అదే మొదటి నవ్వు.

గదిలోకి వెళ్ళేసరికి కిటికీ దగ్గర నిలబడి ఉన్నారు. కింద ఐదు రోడ్ల కూడలి. "ఆ తెల్ల కారువాడు ఇండికేటర్ వెయ్యలేదు చూడు" అన్నారు. "వేశాడండీ, తిరిగాక వేశాడు" అన్నాను. "సగం మార్కు" అన్నారు. కుర్చీలు కిటికీకి లాక్కుని, లాడ్జివాళ్ళ కాగితం మీద వచ్చినవాడికల్లా మార్కులు వేస్తూ కూర్చున్నాం. ఒక ఎర్ర వ్యాను ఆవిడకి ఆయన పదికి ఆరు వేస్తే నేను ఎనిమిది అన్నాను, కాసేపు పోట్లాడుకున్నాం. సిటీలో చూడాల్సినవి చాలా ఉన్నాయంటారు. మేము మాత్రం నూట పద్నాలుగు బళ్ళు చూశాం. పెళ్ళయ్యాక ఇంత సరదాగా గడిచిన సాయంత్రం నాకు గుర్తు లేదు.

ఆ కాగితం కింద పెట్టి ఆయనే మొదలుపెట్టారు. "ఆ రోజు మైదానంలో ఎనిమిది మంది ఉన్నారు."

నేను ఎంతమందో ఎప్పుడూ చెప్పలేదు వదినా.

"నీకు రాదన్నాను. నాకు నేర్పడం రాలేదు. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది. రోజూ ఎదురుగా కూర్చుంటావు, రోజూ చెప్పలేకపోయాను" అన్నారు. ముందురోజు దారిలో ఎందుకు మాట్లాడలేదని అడిగాను. "నోరు తెరిస్తే నీ ముందే ఏడ్చేసేవాణ్ణి. వంతెన మీద నువ్వు కదిలించినట్టు ఇప్పుడు నేను కూడా కదిలించలేను" అన్నారు. నేను బాగా ఏడ్చాను. పదకొండేళ్ళ కిందటి ఏడుపు అది.

తర్వాత పుస్తకాల బండి సంగతెత్తాను. "మీకు ఒంట్లో బాగాలేనప్పుడు నేను వెళ్ళను, స్కూలు చూసుకుంటాను" అన్నాను ఆయనతో. ఒప్పుకోలేదు. "నా దగ్గరున్న తొమ్మిది మందినీ మూడు నెలలు ఎదురు స్కూలుకి అప్పగిస్తాను. నేను నేర్పితేనే కదా ఆవిడకి వచ్చింది, నా పద్ధతి ఎక్కడికీ పోదు" అన్నారు. ఆ మాట అనడానికి ఎంత దిగమింగుకోవాల్సి వచ్చిందో నేను చూశాను. అని ఊరుకోలేదు. "వ్యాను పెద్దది, వెనక అద్దంలో ఏమీ కనపడదు, రివర్స్ ఎలా తీస్తావు?" అని మొదలుపెట్టి సబ్బుపెట్టెని బల్ల మీద ముందుకీ వెనక్కీ తిప్పిస్తూ గంటసేపు పాఠం చెప్పారు. నాలుగుసార్లు టీ గ్లాసుకి గుద్దాను. ఒక్కసారి కూడా కసరలేదు.

ఇక తిరుగు ప్రయాణం. నిన్న ఉదయం బయలుదేరేటప్పుడు పక్క సీటు తలుపు తెరిచి, ఆలోచించి, మూసేశారు. "ఇక్కడ కూర్చుంటే నా కాలు ఊరుకోదు" అని వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నారు. కాలు చాపుకున్నారు. కాసేపు అద్దంలోంచి నా కళ్ళనే చూశారు, ఎప్పుడెప్పుడు ఎటు చూస్తున్నానో లెక్కపెడుతున్నారనుకున్నాను. దారిలో ఒక రాత్రి ఆగి, ఇవాళ మళ్ళీ బయలుదేరాం. మధ్యాహ్నం దాటాక వెనకనుంచి చప్పుడు లేదు. చూద్దును కదా, సంచి మీద తలపెట్టి, నోరు తెరుచుకుని నిద్రపోతున్నారు. ఇన్నేళ్ళలో ఆయన కార్లో రెప్ప వాల్చగా నేను చూడలేదు. ఎవరు నడుపుతున్నా ఆయనకి కాపలా పనే కదా.

నాలుగింటికి మన వీధి మలుపు తిరిగాను. ఇల్లు కనిపిస్తోంది. గురక కూడా వినిపిస్తోంది. లేపబుద్ధి కాలేదు వదినా. ఇంటి ముందు ఆపకుండా పోనిచ్చాను. బజారు మీదుగా, పోస్టాఫీసు పక్కనుంచి, మైదానం చుట్టూ తిప్పాను. నెత్తిన స్కూలు బోర్డు, స్టీరింగు దగ్గర నేను, వెనక నోరు తెరుచుకుని మాస్టారు. ఊరు ఊరంతా అరుగుల మీదికి వచ్చి చూసింది. ఎదురు స్కూలు మేడం పాఠం ఆపి, రోడ్డు మీదికి వచ్చి రెండు చేతులూ ఊపింది.

లైబ్రరీ ముందు ఆపాను. ఇంజను ఆపలేదు, చప్పుడు ఆగితే లేస్తారని. లైబ్రేరియన్ గేటు దాకా వచ్చాడు. అద్దం దించి, ఒకటో తారీఖు నుంచి వస్తున్నానని చెప్పాను. అతను సంతోషంతో గట్టిగా ఏదో అనబోయాడు.

"ష్, మెల్లగా" అన్నాను. "మావారు నిద్రపోతున్నారు."

మీ మరదలు